కచ్చా కాపీ

"ఈరన్న తాత క్యాసెట్ ఇయ్యండి సార్, మళ్లా ఎక్కియ్యాలె," అంటూ కంప్యూటర్ ముందున్న సంయుక్త వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపింది.

రాజేశం ఆ చేతి వంక చూశాడు. అందులో పెట్టడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

"మొన్ననే ఎక్కిచ్చినవ్ గదమ్మా."

"అది కచ్చా కాపీ సార్. మీకు చెప్పిన గద. పాత డిస్కుల జాగ సాలదని తక్కువ క్వాలిటీల ఎక్కిచ్చుకొని కటింగ్ చేసిన. ఇప్పుడు పెద్ద డిస్కు పెట్టినం. అదే క్యాసెట్ ఇంకోసారి పెడితే బొమ్మ, గొంతు అసలు తీరుగ వస్తయి."

చెప్పిన మాట నిజమే. చెప్పినప్పుడు రాజేశం ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ "ఆఁ, ఆఁ" అని తల కూడా ఊపాడు. అర్థం కాలేదు, అడగలేదు. ఆయనకున్న జబ్బే అది. చిక్కడపల్లిలో గాజుల దుకాణం మీది అంతస్తులో పదిహేనేళ్లుగా పెళ్లి వీడియోల మిక్సింగ్ యూనిట్ నడుపుతున్న మనిషి. సగం నగరం పెళ్లిళ్లు తన చేతి మీదుగానే పోయాయని చెప్పుకునే మనిషి. నిన్నగాక మొన్న కోర్సు చేసి వచ్చిన ఇరవై మూడేళ్ల పిల్లను పట్టుకుని "అంటే ఏందమ్మా?" అని ఎలా అడుగుతాడు? అడిగితే పరువు పోదూ?

ఆయనకు తెలిసిన మిక్సింగ్ వేరు. ఒక డెక్కులో షూటింగ్ క్యాసెట్ పెట్టాలి, ఇంకో డెక్కులోకి కావలసినంత ఎక్కించుకోవాలి. ఎక్కిందంటే ఎక్కినట్టే. ఆ తర్వాత షూటింగ్ క్యాసెట్‌తో పని లేదు. లేబుల్ పీకి టీవీ మీద పెడితే కెమెరామన్ దుర్గయ్య వచ్చి, అడగకుండానే తీసుకుని, తర్వాతి ముహూర్తానికి వాడేస్తాడు. పదిహేనేళ్లలో ఒకే క్యాసెట్‌ను రెండుసార్లు అడిగిన మిషన్‌ను రాజేశం చూడలేదు. పైగా ఇవి కొత్తగా వచ్చిన డిజిటల్ క్యాసెట్లు. ఊళ్లో సరిగ్గా దొరకవు, యూనిట్ మొత్తానికి ఉన్నవే మూడు. మాఘమాసం, రోజు తప్పించి రోజు ముహూర్తాలు. కంప్యూటర్‌లో ఈరన్న బొమ్మ కదలడం చూసి, పనైపోయిందనుకుని, నిన్న సాయంత్రం తన గోటితోనే లేబుల్ పీకి టీవీ మీద పెట్టాడు.

"దుర్గయ్య తీస్కపోయిండు," అన్నాడు. "పొద్దుగాల ఏడింటికి. నారాయణగూడల పెండ్లి."

సంయుక్త ఇప్పుడు తిరిగింది. "మూడు క్యాసెట్లా?"

"మూడు."

ఆమె ఒక మీట నొక్కి కచ్చా కాపీ నడిపించింది. ఈరన్న తెర మీదికి వచ్చాడు. వచ్చాడనే గానీ, కళ్లూ ముక్కూ కలిసిపోయి ముఖమంతా గళ్లు గళ్లుగా ఉంది. గొంతు బిందెలోంచి వస్తున్నట్టుంది. పది క్షణాలు విని రాజేశం "బంద్ చెయ్యి" అన్నాడు.

ఇది ఇంకే పెళ్లో పేరంటమో అయితే ఆయన ఇంతగా హడలిపోయేవాడు కాదు. ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చేవాడు, ఆ విద్య ఆయనకు బాగా వచ్చు. కానీ ఈరన్న జనగామ దగ్గరి పల్లెలో నలభై ఏళ్లు ఒగ్గు కథ చెప్పిన మనిషి. ఆయన కూతురు భాగ్యశ్రీ అశోక్ నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్ టూ పరీక్షకు చదువుకుంటోంది. నెల కిందట ఆ పిల్ల ఇదే మెట్లెక్కి వచ్చి, "మా బాపు గొంతుల గడ్డ ఉన్నది సార్. ఆపరేషన్ చేసి గొంతు మొత్తం తీసేస్తరట. తీసేటందుకు ముందే ఒక్కసారి ఆయన కథ పట్టి పెట్టాలె," అంది. ఎన్నడూ ఎవరూ ఆయన్ని రికార్డు చేయలేదు. చిన్న హాలు మాట్లాడి, మల్లన్న కథ గంట క్యాసెట్‌కు సరిపడా చెప్పించారు. దుర్గయ్య కొత్త కెమెరాతో పట్టాడు. మూడో రోజు ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆ గొంతు లోకంలో ఎక్కడా లేదు, ఆ క్యాసెట్‌లో తప్ప.

"పదేండ్ల తర్వాత గూడ మా బాపు మాట ఇట్లనే వినొస్తదా?" అని ఆ పిల్ల అడిగితే, "నాది జిమ్మేదారి బిడ్డా," అన్నాడు రాజేశం. తండ్రీకూతుళ్లు రేపు పొద్దున్నే చూడడానికి వస్తున్నారు, చూసి ఊరికి పోతారు.

గోడ గడియారం పదీ నలభై. పెళ్లి లగ్నం పదకొండూ ఇరవై రెండుకి.

ముందు ఫంక్షన్ హాలుకు ఫోను చేశాడు. ఎవరో ఎత్తి, "కెమెరా ఆయననా? ఇక్కడ శానమంది కెమెరాలోల్లు ఉన్నరు," అని రిసీవర్ బల్ల మీద పడేసి పోయారు. అవతల నుంచి బాజాలు వినిపిస్తూనే ఉన్నాయి, మనిషి మాత్రం మళ్లీ రాలేదు. తర్వాత దుర్గయ్య పేజర్‌కు మెసేజి చెప్పాడు. చెప్పాక గుర్తొచ్చింది, షూటింగ్‌లో పేజర్ కూత రికార్డయిపోతుందని దాన్ని సంచిలో అడుగున పెట్టమని నేర్పించింది తనేనని. నేర్పించిన నోటిని ఏమనాలి?

స్కూటర్ తీశాడు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ ఎంత దూరం, మామూలు రోజున సిగరెట్ సగం కూడా కాలదు. ఆ రోజు కాలేజీల ముందు బస్సులు, బస్సుల మధ్య ఆటోలు, ఆటోల సందుల్లో పుస్తకాలు పట్టుకున్న పిల్లలు. మార్కెట్ దగ్గర ఒక కూరగాయల బండి అడ్డం తిరిగి నిలబడిపోయింది. రాజేశం హారన్ మీద నుంచి వేలు తీయలేదు. "అందరికి జల్దీనే ఉన్నది పెద్దమనిషీ, నీకొక్కనికే గాదు," అన్నాడు ఒక ఆటో అతను. పెళ్లి ఒక్కో నిమిషం రికార్డవుతుంటే కథ ఒక్కో నిమిషం తుడిచిపెట్టుకుపోతోంది. రాజేశం బుర్రలో ఆ లెక్క తప్ప ఇంకేమీ లేదు. చివరికి స్కూటర్‌ను ఒక పుస్తకాల షాపు ముందు వదిలేసి, యాభై రెండేళ్ల వయసులో, చెప్పులు టపటపలాడించుకుంటూ పరిగెత్తాడు.

హాల్లోకి వెళ్లేసరికి పదకొండూ పద్నాలుగు. మండపంలో వధూవరుల మధ్య తెర పట్టి ఉంది. పురోహితుడు శ్రీరామమూర్తి గారు మంగళాష్టకాలు మొదలుపెట్టారు. దుర్గయ్య స్టూలెక్కి, కెమెరా కంటికి ఆనించుకుని, లైటు వేడికి చెమటలు కక్కుతున్నాడు.

"దుర్గయ్యా, ఈరన్న క్యాసెట్ ఏది?"

"ఏ ఈరన్న?" దుర్గయ్య కన్ను తీయలేదు. "ఒగ్గు కథ తాతనా? అది మిక్సింగ్ అయ్యింది గదన్నా. లేబుల్ లేదు గద."

"కాలేదు. నేను తప్పు జేసిన. ఏది అది?"

"నాకేం ఎరుక? మూడు ఒక్క తీరున్నయి. ఒకటి నిండింది, సంచిల ఏసిన. రెండోది కెమెరాల తిరుగుతున్నది. మూడోది ఇంక ముట్టలే."

రాజేశం స్టూలు పట్టుకుని నిలబడి ఆలోచించాడు. నిండిపోయిన మొదటిదాంట్లో ఈరన్న ఉంటే, అంతా అయిపోయినట్టే, ఇక పరిగెత్తినా పడుకున్నా ఒకటే. ముట్టుకోని మూడోదాంట్లో ఉంటే భద్రంగానే ఉన్నట్టు. కెమెరాలో తిరుగుతున్నదాంట్లో ఉంటే? ఈ నిల్చున్న క్షణంలో కూడా పోతోంది. దాన్ని తీసేసి మూడోది పెట్టేద్దామంటే, ఒకవేళ ఈరన్న ఆ మూడోదాంట్లోనే ఉంటే, చేతులారా తనే తుడిపించినవాడవుతాడు. వేసి చూస్తేగానీ తెలియదు. చూడడానికి ఇక్కడున్నది ఈ కెమెరా ఒక్కటే. అది ఇప్పుడు పెళ్లి పడుతోంది.

"ఆపు," అన్నాడు.

దుర్గయ్య అప్పుడు కన్ను తీశాడు. "అన్నా, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడా? నువ్వేనా గీ మాట అనేది? ఇల్లు గాలినా గప్పుడు కెమెరా ఆపొద్దని నువ్వే గద నేర్పిచ్చినవ్."

"నేనే నేర్పిచ్చిన. ఇప్పుడు నేనే ఆపమంటున్న."

ఆ రోజుల్లో పెళ్లిళ్లలో వీడియో వాళ్ల మాట ఎంత చెల్లేదో చూసినవాళ్లకు తెలుసు. పంతులుగారు ఇటు తిరగమంటే ఇటు తిరిగేవారు, తలంబ్రాలు మెల్లగా పోయమంటే మెల్లగా పోసేవారు. రాజేశం ఆ చనువుతోనే మండపం దగ్గరికి వెళ్లి, "అయ్యగారూ, క్యాసెట్ మారుస్తున్నం. జర ఆగుండ్రి," అన్నాడు.

పెళ్లికూతురి తండ్రి ధర్మారావు గారు చర్రున లేచారు. "గిప్పుడు మార్చుడేంది? అయిదు నిమిషాల ముందు ఏమైంది నీకు?"

శ్రీరామమూర్తి గారు శ్లోకం మధ్యలోనే చెయ్యి ఎత్తి శాంతపరిచారు. "చదవడం ఇంకొంచెం సాగదీస్తాను నాయనా. లగ్నం మాత్రం నా చేతిలో లేదు. అది వచ్చిందంటే నీ క్యాసెట్ కోసం ఆగను."

దుర్గయ్య రికార్డింగ్ ఆపాడు. కెమెరా పక్కన చిన్న తెర విప్పి, ప్లే నొక్కాడు. ముందు నీలం రంగు కనిపించింది. ఒక గీత పైనుంచి కిందికి జారింది. తర్వాత ఈరన్న వచ్చాడు. నుదుట పసుపు బండారి, చేతిలో ఒగ్గు డమరుకం, పాట మధ్యలో నోరు తెరిచి ఉన్నాడు. అద్దంలో చూస్తున్నట్టు ఒక్కో మీసం వెంట్రుకా కనిపిస్తోంది.

కౌంటర్ ముప్పై నాలుగు నిమిషాల దగ్గర ఉంది. అంటే క్యాసెట్‌లో మొదటి ముప్పై నాలుగు నిమిషాలు పెళ్లి అయిపోయింది.

"తియ్యి," అన్నాడు రాజేశం. "మూడోది పెట్టు."

క్యాసెట్ గూడు తెరుచుకోవడానికి ఎంత తీరిక తీసుకుందో! అది తెరుచుకుంటుండగానే వెనక "సుముహూర్తం" అని వినిపించింది, బాజాలు ఒక్కసారి లేచాయి, అక్షింతలు రాజేశం నెత్తి మీద కూడా పడ్డాయి. కెమెరా మళ్లీ తిరిగేసరికి జీలకర్ర బెల్లం ఇద్దరి తలల మీదికీ ఎక్కి కూర్చుంది. ధర్మారావు గారు రాజేశాన్ని చూసిన చూపుకు వేరేవాడైతే నేలలోకి కుంగిపోయేవాడు. దుర్గయ్య మాత్రం పని తెలిసినవాడు. "మళ్లొకసారి చెయ్యి పెట్టుండ్రమ్మా, ఇటు చూసుకుంట," అని ఇద్దరిచేతా ఇంకోసారి పెట్టించి పట్టేశాడు. రాజేశం అప్పటికే బయటికి నడుస్తున్నాడు, క్యాసెట్‌ను చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి వేసుకుని.

సాయంత్రం దాకా సంయుక్త పని చేసింది. మిగిలిన ఇరవై ఆరు నిమిషాలూ కొత్త డిస్కులోకి అసలు క్వాలిటీలో ఎక్కించింది. తుడిచిపెట్టుకుపోయిన ముందు భాగానికి కచ్చా కాపీ తప్ప దిక్కు లేదు. రెండూ అతికించింది.

"ఏం చెప్తరు సార్ రేపు?" అంది.

"ముందుగాల లైటింగ్ సరిగ రాలేదని చెప్త. వాళ్లకేం తెలుస్తది." అని, అన్నందుకు ఆ పిల్ల ముఖం చూడలేక, కొత్త మిషన్ వంక చూశాడు. ఈ మిషన్ కోసం ఆర్నెల్లు తిరిగాడు. రంగు, వెలుతురు, పొడి పొడిగా వినిపించే మాట, అన్నీ ఉన్నది ఉన్నట్టు వస్తాయని ఎంత సంబరపడ్డాడు.

మర్నాడు పదింటికి భాగ్యశ్రీ తండ్రిని మెట్లెక్కించుకుని వచ్చింది. ఈరన్న బాగా చిక్కిపోయాడు. మెడ చుట్టూ తెల్ల తువ్వాలు, దాని కింద కట్టు. కుర్చీ వేస్తే వద్దని చేత్తో చెప్పి, స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. రాజేశానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆ దండం పుచ్చుకోవడానికి రాజేశానికి ముఖం చెల్లలేదు.

సంయుక్త మీట నొక్కింది. గళ్ల గళ్ల ముఖం వచ్చింది, బిందెలోంచి పాట వచ్చింది. భాగ్యశ్రీ కాసేపు చూసి రాజేశం వైపు తిరిగింది. "గిట్లున్నదేంది సార్?"

"షురూల లైటింగ్ జర తక్కువ పడ్డది బిడ్డా. ఆగు, తర్వాత సాఫ్ అయితది."

ఆ పిల్ల నమ్మింది. ఈరన్న ఏమీ పట్టించుకోలేదు. ఎవరో వేరేవాడు కథ చెబుతుంటే విన్నట్టు, మర్యాదగా తల ఊపుతూ ఆ భాగమంతా కూర్చున్నాడు.

ఆ తర్వాత బొమ్మ తేటపడింది. గొంతు గదిలోకి వచ్చింది. చరణం చివర్లో సన్నగా జీర, ఎత్తుకున్నప్పుడు ఛాతీ లోంచి వచ్చే ఆ బలం, ఊపిరి పీల్చిన చప్పుడుతో సహా. ఈరన్న తల ఊపడం ఆపాడు. చెయ్యి మెల్లగా తువ్వాలు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. భాగ్యశ్రీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కథ అయిపోయింది, మంగళహారతి కూడా అయింది. సంయుక్త తొందరలో చివర కత్తిరించలేదు. దుర్గయ్య కెమెరా ఆపడం మరిచిపోయిన ఇంకో అర నిమిషం నడిచింది. తెర మీద ఈరన్న ఒగ్గు పక్కన పెట్టి, చెమట తుడుచుకుని, ఎవరికోసమో అటూ ఇటూ చూసి, మామూలు గొంతుతో అన్నాడు: "బిడ్డా భాగ్యా, పొద్దటిసంది ఏమన్న తిన్నవానే?"

బొమ్మ ఆగిపోయింది.

భాగ్యశ్రీ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె పాట కోసం వచ్చింది. ఈ మాట ఇక్కడ ఉంటుందని అనుకోలేదు. ఈ మాట ఇక వినబడదని, ఈ నెల రోజుల్లో, అనుకోవడానికి కూడా ధైర్యం చేయలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఆశగా అడిగింది: "సార్, ముందు గూడ ఉంటది గద గిట్ల? షురూ జేసేటందుకు ముందు. ఫ్యూజు పోతే కెమెరాయన కిందికి వొయిండు, కెమెరా బ్యాటరీ మీద తిరుగుతనే ఉండె. మా బాపు ఒక్కడే కూసొని దానికి ఏందో చెప్పిండు, శానసేపు. నేను మెట్ల మీదికెళ్లి చూసిన, వినరాలే. అది పెట్టుండ్రి."

రాజేశం సంయుక్త వంక చూశాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. కచ్చా కాపీ ఎక్కించినప్పుడు జాగ చాలక, పాట మొదలైన దగ్గర్నుంచే ఎక్కించింది. ఆ ముందు మాటలు గళ్ల గళ్లుగా కూడా లేవు.

లైటింగ్ అనవచ్చు. ఫ్యూజు అనవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. ఈరన్న ఆయన వంకే చూస్తున్నాడు.

"అది లేదు బిడ్డా," అన్నాడు రాజేశం. "లైటింగ్ గాదు ఏం గాదు. క్యాసెట్ మీద పెండ్లి పట్టిచ్చిన. తెల్వక గాదు, ఈ పిల్ల చెప్తే వినక. ముందు సగం నేనే పోగొట్టిన."

భాగ్యశ్రీ తిట్టలేదు. తిడితే బాగుండుననుకున్నాడు. "జిమ్మేదారి అన్నరు గద సార్," అంది, అంతే.

తర్వాత ఆమె తండ్రి ముందు కింద కూర్చుని, ఆయన మోకాళ్ల మీద చేతులు వేసింది. "ఏం చెప్పినవ్ బాపూ గప్పుడు?"

ఈరన్నకు వేల చరణాలు నోటికి వచ్చు, అక్షరం ముక్క రాయడం రాదు. కూతురి ముఖంలోకి చూస్తూ పెదవులు కదిలించాడు. కట్టు కింద నుంచి గాలి మాత్రం వచ్చింది.

"ఏంది బాపూ? మళ్లా అను."

ఆయన మళ్లీ అన్నాడు, ఈసారి మెల్లగా, ఒక్కో మాటా విడదీసి, చాలాసేపు. ఆమె ఆయన పెదవుల మీద నుంచి కళ్లు తీయకుండా చూసింది. రాజేశం కూడా చూశాడు. ఒక్క మాట కూడా ఇద్దరికీ అర్థం కాలేదు.